ఫ్రోజెన్ షోల్డర్‌కి ఆక్యుపంక్చర్: తగ్గిస్తున్నది సూదా, కాలమా?

కీళ్లూ_కదలికలూ:
షుగరున్నవాళ్లకు ఫ్రోజెన్ షోల్డర్, అంటే భుజం కీలు బిగుసుకుపోయే జబ్బు, మిగతావాళ్లకంటే చాలా ఎక్కువగా వస్తుంది. "ఫిజియో మానేసి సూదులు పొడిపించుకోమంటారా?" అని అడిగేవాళ్లూ ఎక్కువయ్యారు. నా జవాబు: వద్దు. ఈ జబ్బులో మొదటి కొన్ని నెలలు నొప్పి, అదీ రాత్రిళ్లు మరీ ఎక్కువ. తర్వాత నొప్పి సన్నగిల్లి బిగుతు మిగులుతుంది. ఆపైన మెల్లగా వదులవుతుంది. మొత్తం ఏడాది నుంచి మూడేళ్లు. జనం సూదులకు వెళ్లేది నొప్పి తారస్థాయిలో ఉన్నప్పుడు. అక్కడి నుంచి ఎలాగూ తగ్గుముఖమే, పేరు మాత్రం సూదికి వస్తుంది. పైగా బిగుసుకున్నది కండరం కాదు, కీలు చుట్టూ సంచిలా ఉండే పొర, క్యాప్సూల్. అది దళసరెక్కి కుంచించుకుపోతుంది. పావు మిల్లీమీటరు మందం సూది దాన్నెలా సాగదీస్తుంది?

నాడిసూది:
సాగదీస్తుందని ఈ విద్య సరిగ్గా నేర్చుకున్నవాళ్లెవరూ అనరు. సూది నొప్పిని కాసేపు అణచిపెడుతుంది, ఆ కాసేపట్లో చెయ్యి కదిలించాలి. చైనా పద్ధతిలో భుజం చుట్టూ జియెన్‌యు, జియెన్‌ల్యావ్, జియెన్‌జెన్ బిందువులు వాడతారు. కానీ అసలు పట్టు కాలిలోని త్యావ్‌కౌ దగ్గర ఉంది. మోకాలి చిప్ప కింద బయటివైపు గుంట నుంచి చీలమండ ముందు మడత దాకా గీత ఊహించుకోండి. దానికి సరిగ్గా మధ్యలో, ముంగాలి ఎముక అంచుకు ఒక వేలు వెడల్పు బయటికి ఉంటుందది. మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, సాధారణంగా నొప్పి ఉన్న వైపు కాలికే సూది వేస్తారు. లోపల బరువుగా, లాగినట్టు అనిపించేదాకా తిప్పుతారు. అలా తిప్పుతుండగానే రోగి చెయ్యి ముందుకు ఎత్తాలి, పక్కకు ఎత్తాలి, వీపు వెనక్కి పెట్టాలి. ఒకటి రెండు నిమిషాలు కదిలించి, ఆగి, మళ్లీ. మొత్తం ఇరవై నిమిషాలు. భుజంలో నాలుగు సూదులు గుచ్చి, కదలకుండా పడుకోబెట్టి పంపించేస్తే ఫలితం రాకపోవడంలో వింత లేదు. చాలాచోట్ల జరుగుతున్నది అదే.

హాంకాంగ్‌లో రోగుల మీద చేసిన, 2001లో వచ్చిన పరీక్ష చూడండి. వ్యాయామం మాత్రమే చేసినవాళ్ల భుజం స్కోరు ఆరు వారాల్లో 39.8 శాతం మెరుగైంది. వ్యాయామంతో పాటు సూదులు వేయించుకున్నవాళ్లది 76.4 శాతం. ఇరవయ్యో వారంలోనూ ఆ తేడా నిలిచింది.

ఎముకల_వార్డు:
ఆ పరీక్షలో ఉన్నది మొత్తం 35 మంది. ఉత్తుత్తి సూదులు వేసిన గుంపు లేదు, కాబట్టి ఎవరికి సూది పడిందో రోగికి తెలుసు. వాడిన కాన్‌స్టంట్ స్కోరు వందకు. అందులో నొప్పికి 15, రోజువారీ పనులకు 20. ఈ 35 మార్కులూ రోగి నోటి మాటే. చెయ్యి బయటికి తిరగడాన్ని అందులో డిగ్రీల్లో కొలవరు. చెయ్యి తల వెనక పెట్టగలరా, మోచెయ్యి ముందుకు తేగలరా అన్నదే చూస్తారు. ఫ్రోజెన్ షోల్డర్‌లో అన్నిటికంటే ఎక్కువగా పోయేది, క్యాప్సూల్ సంగతి నేరుగా చెప్పేది ఆ బయటి తిరుగుడే. దాన్ని డిగ్రీల్లో చూపించకుండా స్కోరు పెరిగిందంటే, నొప్పి తగ్గిందని ఒప్పుకుంటాను. కీలు వదులైందని ఒప్పుకోను.

జర్మనీలో 424 మందితో జరిగిన పెద్ద పరీక్షను కూడా ఇలాంటి చర్చల్లో తెస్తుంటారు. 2010లో వచ్చింది, ఫలితం సూదులకు అనుకూలమే. అయితే అది దీర్ఘకాలిక భుజం నొప్పి మీద చేసింది, ప్రత్యేకించి ఫ్రోజెన్ షోల్డర్ మీద కాదు.

నాడిసూది:
మరి మీ వైపు లెక్క? బ్రిటన్‌లో 503 మందితో చేసిన పరీక్ష 2020లో వచ్చింది. మత్తిచ్చి చెయ్యి తిప్పి వదులు చేయడం, కీహోల్ ఆపరేషను, స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో ఫిజియో, ఈ మూడింటిలో ఏదీ మిగతావాటికంటే చెప్పుకోదగ్గంత మెరుగని తేలలేదు. 2004లో నెదర్లాండ్స్ నుంచి వచ్చిన అధ్యయనంలో 77 మంది. నొప్పి ఓర్చుకుని గట్టిగా సాగదీయించుకున్నవాళ్లలో 63 శాతం మందికే రెండేళ్లకు భుజం మామూలుకు దగ్గరగా వచ్చింది. నొప్పి హద్దు దాటకుండా చేసినవాళ్లలో 89 శాతం. మన దగ్గర "ఏడ్చినా వదలొద్దు" అని చెయ్యి పట్టి లాగుతున్న సెంటర్ల గురించి కూడా మాట్లాడాలి కదా!

కీళ్లూ_కదలికలూ:
అక్కడ మీతో ఏకీభవిస్తాను. మొదటి దశలో లాగడం తప్పే. వాపు మీద ఉన్న క్యాప్సూల్‌ని గుంజితే ఇంకా బిగుస్తుంది. దాని బదులు చేయాల్సినవి ఇవి: ముందుకు వంగి చెయ్యి వేలాడేసి మెల్లగా ఊపడం, బల్ల మీద గుడ్డ పెట్టి చెయ్యి ముందుకు జరపడం, పడుకుని కర్ర సాయంతో ముంజేతిని బయటికి నెట్టడం. రోజుకు మూడు నాలుగుసార్లు, ఒక్కోసారి ఐదు నిమిషాలు చాలు. వ్యాయామం అయ్యాక నొప్పి అరగంటలో సర్దుకోవాలి. ఆ రాత్రి నిద్ర చెడిందంటే మోతాదు మించినట్టే.

ఇంకొకటి. సూదికైనా ఫిజియోకైనా ముందు ఇది ఫ్రోజెన్ షోల్డరేనా అని తేల్చుకోవాలి. రోగిని వెల్లకిలా పడుకోబెట్టి, మోచెయ్యి పక్కకు ఆనించి, తొంభై డిగ్రీలు మడిచి, మనమే ముంజేతిని బయటికి తిప్పాలి. మంచి వైపుతో పోలిస్తే సగం కూడా రాకుండా గట్టిగా ఆగిపోతే అనుమానం బలపడుతుంది. మనం తిప్పితే పూర్తిగా వచ్చి, తనంతట తాను ఎత్తలేకపోతే అది కండరాన్ని ఎముకకు కలిపే స్నాయువు చిరుగు కావచ్చు. ఎక్స్‌రే కూడా తప్పనిసరి. కీలు అరిగినా, ఎముక వెనక్కి జారినా చెయ్యి ఇలాగే బిగుస్తుంది.

మందుల_చిట్టా:
సూదుల గొడవలో కషాయాల సంగతి మరిచిపోకండి. భుజం నొప్పికి చైనా వైద్యంలో పేరున్న యోగం (మూలికల మిశ్రమం) జ్వెన్‌బి థాంగ్. అందులో మన పసుపు కొమ్ము కూడా ఉంది. అయితే దాంతో పాటు తాంగ్‌కుయి వేరు ఉంటుంది. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ మాత్ర వాడేవాళ్లలో అది రక్తస్రావం ముప్పు పెంచుతుంది. అతిమధురం ఎక్కువ రోజులు తాగితే పొటాషియం పడిపోయి బీపీ పెరుగుతుంది. కొన్ని నొప్పి యోగాల్లో వత్సనాభి జాతి విషపు దుంప వేస్తారు. సరిగ్గా శుద్ధి కాకపోతే నాలుక తిమ్మిరెక్కి, గుండె లయ తప్పుతుంది. లేబుల్ లేని పొడి ఎవరిచ్చినా తీసుకోవద్దు.

సూది తరఫున కూడా ఒక హెచ్చరిక. మెడకూ భుజానికీ మధ్య ఉండే జియెన్‌జింగ్ బిందువు కింద ఊపిరితిత్తి కొస ఉంటుంది. బక్కపల్చని మనిషికి అక్కడ నిటారుగా లోతుకు దింపితే గాలి లీకవుతుంది. ఛాతీ నొప్పి, ఆయాసం కొన్ని గంటల తర్వాత కూడా మొదలవ్వొచ్చు, వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. షుగరుతో చర్మం స్పర్శ తగ్గినవాళ్లకు మోక్సా సెగ (మూలిక కాల్చి బిందువు దగ్గర పెట్టే వేడి) పెట్టించకండి, బొబ్బ లేచేదాకా కాలినట్టు తెలియదు.

ఎముకల_వార్డు:
నొప్పి దశలోనే ఉన్నవాళ్లకు కీలులోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ తొందరగా ఊరటనిస్తుంది, ఆ మొదటి వారాల విషయంలో ఆధారాలు గట్టివే. షుగరున్నవాళ్లకు తర్వాత కొన్ని రోజులు, ఒక్కోసారి వారం దాకా రీడింగు పెరుగుతుంది. ఇన్సులిన్ మోతాదు ముందే మాట్లాడుకోవాలి. ఇంజెక్షన్ వద్దనుకుని సూదులకు వెళ్తామంటే నేను అడ్డుపడను, వ్యాయామం మానకపోతే చాలు.

నాడిసూది:
మానమని నేనెక్కడా అనలేదు. వారానికి రెండుసార్లు, ఆరు వారాలు. మొదటి రోజు బయటి తిరుగుడు ఎన్ని డిగ్రీలో రాసిపెట్టి, రెండు వారాలకోసారి కొలవాలి. రాత్రి నొప్పీ ఆ అంకే రెండూ కదలకపోతే, ఇంకో ప్యాకేజీ కట్టించుకోకుండా ఆపేయడం చికిత్స చేసేవాడి బాధ్యత.

కీళ్లూ_కదలికలూ:
కొలిచేది మాత్రం సూదులు వేసినవాళ్లు కాకూడదు. వేరే మనిషి కొలవాలి, సూదులు వేసిన వెంటనే కాకుండా మర్నాడు కొలవాలి.