అప్‌డేట్: ఈత కొలనుకే తొలి ప్రాధాన్యం

మా సామాజిక వినోద కేంద్రానికి ఉన్న పరిమిత నిధులను ముందుగా ఈత కొలనుకు వెచ్చించాలా, వ్యాయామశాలకా అని ఇదివరకు అడిగాను. సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. మీ సలహా మేరకు నీటిని పరీక్ష చేయించగా, ఈదేవారి కళ్ల మంటకూ కొలను దగ్గరి ఘాటైన వాసనకూ కారణం క్లోరిన్ మోతాదు పెరగడం కాదని, ఆ క్లోరిన్ చెమట, మూత్రం వంటి వాటితో కలిసి క్లోరమైన్లు అనే చికాకు కలిగించే రసాయనాలుగా మారడమేనని తేలింది. నీటి ఆమ్ల, క్షార స్థాయిని తెలిపే పీహెచ్ కూడా ఉండవలసిన 7.2–7.8 పరిధిని దాటింది. అందువల్ల వడపోత యంత్రాలు, గాలి ప్రసరణ, ఈతకు ముందు స్నానానికి షవర్లు మొదటి దశలో చేరాయి. వృద్ధులు, చక్రాల కుర్చీ వాడేవారు నీటిలోకి దిగేందుకు 1:12 (12 అడుగుల పొడవుకు ఒక అడుగు ఎత్తు) మించని వాలుతో ర్యాంపు తప్పనిసరి అని నేను పట్టుబట్టాను. నిచ్చెన దగ్గరే ఆగి వెనుదిరిగినవారిని స్వయంగా చూశాను. వ్యాయామశాలకు ప్రస్తుతం జారని నేల మాత్రమే; కొత్త ట్రెడ్‌మిల్లులు రెండో దశలో వస్తాయి.