కొండ అద్దమందు: ఇంతకీ అది ఏ అద్దం?

పోస్టు:
పెద్దలకు నమస్కారం. మా అమ్మాయి పదో తరగతి. నిన్న రాత్రి గోళాకార దర్పణాల పాఠం చదువుతూ ఉన్నట్టుండి అడిగింది, "నాన్నా, వేమన అద్దం కుంభాకారమా?" అని. "కొండ యద్దమందు కొంచెమై యుండదా" అన్న పాదం సంగతి. సమతల దర్పణంలో, అంటే మామూలు చదును అద్దంలో, ప్రతిబింబం వస్తువంతే ఉంటుందని పుస్తకంలో ఉంది కదా, మరి కొండ కొంచెం ఎలా అయిందని దాని వాదన. బయటికి ఉబ్బి ఉండే కుంభాకారపు బైకు అద్దంలో వెనక లారీ బొమ్మంత కనిపించడం గుర్తొచ్చి "అవును" అనేశాను. తప్పు చెప్పానా?

వ్యాఖ్య:
ప్రశ్న బావుందండి, జవాబే తొందరపడింది. ఏ అద్దం తెచ్చినా కొండ అందులో చిన్నగానే కనిపిస్తుంది. తేడా ఎలా చిన్నదవుతుందన్న దాంట్లో ఉంది.

స్టీలు గరిటె లోపలి వైపు కొండకి చూపించండి. చిన్నదవుతుంది, కానీ తలకిందులు. ఇలా లోపలికి గుంటగా ఉండే పుటాకార దర్పణంలో వస్తువు వక్రతా కేంద్రానికి (అద్దం ఏ గోళంలో ముక్కో ఆ గోళం కేంద్రానికి) అవతల ఉన్నంతసేపూ ఇంతే. దగ్గరికి తెచ్చేకొద్దీ ప్రతిబింబం పెరుగుతుంది, వక్రతా కేంద్రం దగ్గర సరిసమానం, అది దాటాక వస్తువును మించిపోతుంది. ఇంతవరకూ అన్నీ తలకిందులే, అన్నీ కాగితం మీద పట్టగలిగే నిజ ప్రతిబింబాలే. నాభి (అద్దానికీ వక్రతా కేంద్రానికీ సరిగ్గా నడిమి బిందువు) దగ్గర ఏమీ పట్టుబడదు. నాభి దాటి అద్దం వైపు వచ్చాక నిటారుగా, పెద్దగా, అద్దం వెనక కనిపిస్తుంది. గడ్డం గీసుకునే అద్దంలో మొటిమ బఠాణీ గింజంత కనబడేది అందుకే. కొండని నాభి లోపలికి తేలేం కదా, కాబట్టి పుటాకారమైతే పద్యంలో కొండ శీర్షాసనం వేయాలి.

కుంభాకారంలో వస్తువు ఎంత దూరాన ఉన్నా ప్రతిబింబం నిటారుగానే, చిన్నగానే ఉంటుంది. అమ్మాయి లెక్క ఇదే. 3 మీటర్ల వక్రతా వ్యాసార్థం ఉన్న అద్దం, కిలోమీటరు దూరంలో 200 మీటర్ల కొండ అనుకోండి. ప్రతిబింబం అద్దం వెనక మీటరున్నర దూరంలో, సుమారు 30 సెంటీమీటర్లు. కొండ నిజంగానే కుంచించుకుపోయింది.

అక్కడే నాకు పేచీ. పద్యం "కొంచెముండుటెల్ల కొదువ గాదు" అంటోంది. 200 మీటర్లు 30 సెంటీమీటర్లయితే అది కొదువే! మామూలు అద్దం తీసుకోండి. ప్రతిబింబం అద్దం వెనక అదే కిలోమీటరు దూరాన, అదే 200 మీటర్ల ఎత్తున ఉంటుంది. వీసమెత్తు తగ్గదు. కానీ అద్దాన్ని కంటికి అర మీటరు దూరంలో పట్టుకుంటే, గాజు మీద కొండ ఆక్రమించే చోటు 10 సెంటీమీటర్లే. మొదటి పాదంలో "అనువుగాని చోట" అన్నాడు చూడండి, కీలకం ఆ "చోటు". ఇచ్చిన చోట్లో సర్దుకుంది, తన ఎత్తు తను పోగొట్టుకోలేదు. నా ఓటు సమతలానికే.

వ్యాఖ్య:
మాష్టారూ, మరి "కొంచెమై కనబడదా" అనకుండా "ఉండదా" అన్నాడేం? కనబడటం వేరు, ఉండటం వేరు కదా.

జవాబు:
మంచి పట్టు పట్టారు. పై పాదంలో "కొంచెముండుట" ఉంది కదా, ఇక్కడ మళ్లీ అదే కొంచెం, అదే ఉండటం. మనిషికి చెప్పిన మాటనే కొండకీ తొడిగాడు. "కనబడదా" అంటే ఆ జత తెగిపోయేది.

వ్యాఖ్య:
నేను టీచర్ని. నా బాధ వేరు. పుటాకారం, కుంభాకారం ఏది ఏదో పిల్లలకి ఏటా తికమకే. పుటం అంటే దొప్ప, కుంభం అంటే కుండ అని చెప్తాను. వెంటనే ఒకడు లేచి "కుండ లోపల కూడా గుంటే కదా టీచర్" అంటాడు. వాడి మాటా నిజమే. కుండని బయటినుంచి చూడమనే చెప్పాలి.

ఇంకోటి. దర్పం, దర్పణం రెండూ ఒకే సంస్కృత ధాతువు నుంచి వచ్చాయి. చూసుకుంటే గర్వం పుట్టించేది కాబట్టి దర్పణం. "అధికులమనరాదు" అనే పద్యంలో అచ్చంగా ఆ వస్తువే ఉపమానమైంది, మాట మాత్రం "అద్దం". కావాలని చేశాడని అనను గానీ, సరదాగా ఉంది.

పోస్టు పెట్టినవారు:
అందరికీ ధన్యవాదాలు. పొద్దున అమ్మాయి, నేను డాబా ఎక్కి చేత్తో పట్టుకునే అద్దంలో సింహాచలం కొండ చూశాం. గాజు మీద కొండ అడుగునా కొననా కాటుకతో చుక్కలు పెట్టింది. చెయ్యి పూర్తిగా చాపితే చుక్కల మధ్య నాలుగు వేళ్ల ఎడం. అద్దాన్ని సగం దూరానికి తెచ్చి మళ్లీ చుక్కలు పెడితే రెండే వేళ్లు. "దగ్గరికి తెస్తే పెద్దదవాలి కదా నాన్నా, తగ్గిందేం?" అంటోంది. ఈసారి తొందరపడి జవాబు చెప్పలేదు, మీ వ్యాఖ్య చూపించాను. చదివి కాగితం మీద గీతలు గీస్తోంది. అద్దం మీద కాటుక మాత్రం వాళ్లమ్మ కంటపడింది.