పైనుంచి చూస్తే మీకు ఏమేం కనపడినాయి? శాటిలైట్ మ్యాపుల్లో పాత కోటలు, గుళ్ళు చూసేటోళ్ళు రాండి

బురుజుకాడోడు (కర్నూలు):
ఎండలకి బయట కాలు పెట్టేదానికి లేదు, పగలంతా కూలర్ ముందర పడుకోని ఫోన్‌లో గూగుల్ ఎర్త్ తిప్పుతా ఉంటే ఇదొక పిచ్చి పట్టుకుంది నాకు. మన కొండారెడ్డి బురుజుకాడ మొదలుపెట్టి ఈజిప్టు దాకా పోయినా. పిరమిడ్లు ఎడారి నడుమ ఒంటిగా ఉంటాయనుకుంటి, చూస్తే గిజా ఊరు వాటి కాళ్ళకాడికే వచ్చేసిండాది, స్ఫింక్స్ ముందర అంతా ఇళ్ళే. కొలిచే టూల్ ఉంది కదా, దాంతో పెద్ద పిరమిడ్ ఒక పక్క గీత గీస్తే 230 మీటర్లు వచ్చింది. ఇంకోటి, నిట్టనిలువుగా పైనుంచి చూస్తే పిరమిడ్ అనేది ఉత్త చదరం, నీడ పడబట్టే దానికి ఎత్తు ఉందని తెలుస్తాది. మీరు యాడయాడ తిరిగినారు, ఏది బాగుంది, ఏది చూసి ఉసూరుమన్నారు, చెప్పండి.

పెన్నాగట్టు (జమ్మలమడుగు):
అన్నా ఉసూరుమనేది చెప్తా విను. మా గండికోటే. కోట లోపల బాగానే ఉంది, మసీదు, మాధవరాయస్వామి గుడి, ధాన్యాగారం అన్నీ పైనుంచి లెక్కబెట్టుకోవచ్చు, మసీదూ గుడీ ఎంత దగ్గర దగ్గరగా ఉన్నాయో నేల మీద నిలబడితే కన్నా ఇట్లనే బాగా తెలుస్తాది. కానీ లోయ చూద్దామని త్రీడీలో వంచితే పెన్న పక్కన నిలువు బండలు ఎండకి కరిగిన బెల్లం అచ్చుల మాదిరి జారిపోయినట్టు ఉంటాయి. ఎత్తుల లెక్క అక్కడ రోంత ముతకగా ఉండాది కాబట్టి అట్ల. గండికోట చూడాలంటే గండికోటకి రావాల్సిందే, వచ్చినప్పుడు చెప్పండి, సంగటి చేయిస్తా.

గుత్తి_ప్యాసింజర్:
మా గుత్తి కోట శంఖం ఆకారంలో ఉంటాదని చిన్నప్పటి నుంచి వింటాండా. మ్యాప్‌ని అటు తిప్పి ఇటు తిప్పి చూసినా, తలకాయి కూడా తిప్పి చూసినా, నాకైతే శంఖం దొరకలా. ఎవరికన్నా దొరికితే గీత గీసి పెట్టండబ్బా.

సోషల్‌టీచరమ్మ (కడప):
పిల్లలకి క్లాసులో ఇది వాడతాను కాబట్టి ఒక మాట చెప్తాను. కొన్ని పైనుంచి చూడటానికే పుట్టినట్టుంటాయి, కొన్ని అసలు కనపడవు. జోర్డాన్‌లో పెట్రా ఉంది కదా, కొండ ముఖాన చెక్కిన ఆ ఖజానా కోసం మా ఎనిమిదో తరగతి పిల్లలు అరగంట వెతికారు. దొరకదు, ఎందుకంటే అది గోడకి చెక్కింది, పైన ఉండేది ఉత్త కొండే. అక్కడికి పోయే సన్నని సందు మాత్రం, కిలోమీటరు పైనే పొడుగు, చీకటి గీతలాగా కనపడుతుంది. అదే ఇథియోపియాలో లాలిబెలా చూడండి, రాతి నేలని కిందికి తవ్వుకుంటూ పోయి చర్చిలు చేశారు, అందులో సెయింట్ జార్జ్ చర్చి పైనుంచి అచ్చం సిలువే, ఎవరో నేల మీద ముద్ర కొట్టినట్టు ఉంటుంది. మన ఎల్లోరా కైలాసం కూడా పైనుంచి కిందికి చెక్కిందే, అందుకే అదీ బాగా కనపడుతుంది. ఈ మూడూ పక్కపక్కన పెట్టి చూపిస్తే, చెక్కడం ఏ వైపు నుంచి మొదలైందో నేను చెప్పకముందే పిల్లలు చెప్పేశారు.

బురుజుకాడోడు:
అక్కా ఇది నాకు తట్టనే లేదు. సూపర్.

మిరపగుడ్డం:
ఒక డౌటు, ఇది లైవ్ కాదా? మా మిద్దె మీద మా అమ్మ మిరపకాయలు ఆరబోసింది, అవి కనపడతాయేమోనని పొద్దున్నుంచి చూస్తాండా.

సోషల్‌టీచరమ్మ:
కాదు నాయనా. ఎప్పుడో తీసిన ఫోటోలు అతికించి పెట్టినవి, మీ ఊరిది ఒక సంవత్సరం, పక్క ఊరిది ఇంకో సంవత్సరం ఉండొచ్చు. కంప్యూటర్లో అయితే తేదీ అడుగున సన్నగా రాసుంటుంది. మిరపకాయలు కనపడాలంటే మిద్దె ఎక్కు.

ఎర్రమల:
తేదీ అన్నారు కాబట్టి చెప్తాండా, ఈ ఆట అంతా తేదీలోనే ఉండాది. కంప్యూటర్లో గూగుల్ ఎర్త్ ప్రో అని ఉంటాది, 2015 నుంచి ఫ్రీనే, అందులో గడియారం బొమ్మ నొక్కితే పాత ఏళ్ళ ఫోటోలకి పోవచ్చు. 2024 నుంచి ఫోన్‌లో కూడా పెట్టినారు. నేను సిరియాలో పాల్మైరా చూసినా. 2015 ఆగస్టులో బెల్ గుడిని బాంబులు పెట్టి లేపేసినారు కదా, దానికి ముందరి ఫోటోలో గుడి నీడ పొడుగ్గా పడి ఉంటాది, తర్వాతి దాంట్లో వాకిలి ఒక్కటి మిగిలి చుట్టూ తెల్లగా పొడి. ముందుకీ వెనక్కీ నాలుగైదు సార్లు జరిపి కట్టేసినా, ఆ రోజు మళ్ళా ఏదీ చూడబుద్ధి కాలేదు.

హంపిబావ (అనంతపురం):
నేను చెరువుల మనిషిని, గుళ్ళు చూసినా పక్కన నీళ్ళు యాడున్నాయనే చూస్తా, అనంతపురమోళ్ళం కదా మాకు అదే బాధ. కంబోడియాలో అంకోర్ వాట్ చూసినప్పుడు గోపురాల కన్నా చుట్టూ ఉన్న కందకం చూసి నోరెళ్ళబెట్టినా, 190 మీటర్ల వెడల్పు, కందకమా అది, మన పక్క అయితే దానికే చెరువని పేరు పెట్టి ఆయకట్టు చూపిస్తాం. దానికి పడమర కొంచెం జరిగితే పశ్చిమ బరాయ్ అని ఒకటి ఉంటాది, దాదాపు 8 కిలోమీటర్ల పొడుగు, 2 కిలోమీటర్ల వెడల్పు, నాలుగు పక్కలా కట్టలు పోసి చేసిన పొడుగు చదరం. అక్కడి నుంచి నేరుగా మన కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువుకి ఎగిరి రండి. ఇది చదరం కాదు, కొండల నడుమ కట్ట పోసి ఆపిన చెరువు, కొండ ఎట్ల వంగితే నీళ్ళు అట్ల వంగినాయి. దీన్ని 1369లో బుక్కరాయల కొడుకు భాస్కరుడు కట్టించినాడు, శాసనం ఉంది, దినానికి వెయ్యి మంది కూలీలు, రాళ్ళకి వంద బండ్లు, రెండేండ్లు పని చేసినారని అందులో రాసినారు, చెరువుకి ఉండాల్సిన పన్నెండు లక్షణాలు, ఉండకూడని ఆరు దోషాలు కూడా. ఆ లక్షణాలు ముందర పెట్టుకోని మ్యాప్‌లో చెరువు చూస్తా ఉంటే, ఆ కాలంలో ఏ పైనుంచి చూసి ఈ చోటు పట్టుకున్నారబ్బా అనిపించింది.

గుత్తి_ప్యాసింజర్:
హంపిబావా బాగా చెప్పినావు. నీళ్ళ సంగతి పక్కన పెడితే నాస్కా గీతలు చూసినారా ఎవరైనా, పెరూలో ఎడారి నేల మీద గీసిన పాతకాలం పెద్ద పెద్ద బొమ్మలు? ఫోన్‌లో పెట్టుకోని వెతికితే కళ్ళు పోతాయి, గీతలు శానా సన్నం. 93 మీటర్ల హమ్మింగ్ పిట్ట ఉంది, దాన్ని పట్టుకునేదానికి నాకు ఒక సాయంత్రం పట్టింది. బల్లి బొమ్మను మాత్రం బిన్నా పట్టుకోవచ్చు, ఎట్లంటే దాని నడుమ నుంచే హైవే పోతాది, రెండు ముక్కలైపోయింది పాపం. రోడ్డేసేటోళ్ళు యాడైనా ఒకటే. ఆ హైవే పట్టుకోని పోండి చాలు.

మిరపగుడ్డం:
చైనా గోడ చంద్రుని మీద నుంచి కనపడతాదంట కదా, నాకు మ్యాప్‌లోనే కనపడలా

సోషల్‌టీచరమ్మ:
కనపడదు. 2003లో చైనా వాళ్ళ మొదటి వ్యోమగామి యాంగ్ లీవే అంతరిక్షానికి పోయొచ్చి, నాకు గోడ కనపడలేదనే చెప్పాడు. పొడుగు వేల కిలోమీటర్లు గానీ వెడల్పు మన పల్లె తారురోడ్డంత, పైగా రంగు చుట్టూ ఉన్న మట్టి రంగే. బాడాలింగ్ అని వెతుకు, అక్కడ కొండ వీపు మీద పాకినట్టు దొరుకుతుంది.

పెన్నాగట్టు:
కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను చూడండి పైనుంచి. ఒక చెట్టని చెప్పకపోతే తోపు అనుకుంటారు, 1989లో గిన్నిస్‌లో ఎక్కింది. నా పెండ్లాం నమ్మలేదు, పందెం కాసి గెలిచినా.

ఎర్రమల:
పిన్నులు నమ్మొద్దు అని కూడా చెప్పండబ్బా. ఎర్రగుడి అశోకుని శాసనాలు చూద్దామని గుత్తి నుంచి పత్తికొండ రోడ్డు పట్టుకోని పోయినా, ఒక యాప్‌లో పిన్ను చూసుకుంటా పోతే కంకర క్వారీలో తేలినా, మిట్టమధ్యాహ్నం, నీళ్ళ బాటిల్ అయిపోయింది, గొర్రెలకాపరి ఒకాయన నవ్వి దారి చూపించినాడు. పైనుంచి చూస్తే అవి మామూలు గుండ్లే, మ్యాప్‌లో చూసి అశోకుని గుండు ఏది అని చెప్పలేరు. దగ్గరికి పోతే బ్రాహ్మీ అక్షరాలు, కొన్ని పంక్తులు కుడి నుంచి ఎడమకి.

బురుజుకాడోడు:
అందరూ చెప్పినారు కాబట్టి నేను అసలు ఎందుకు మొదలుపెట్టినానో చెప్తా. మా జేజి ఊరు శ్రీశైలం డ్యామ్ నీళ్ళలో పోయింది. మొన్న అబూ సింబెల్ చూస్తా ఉంటి, ఈజిప్టులో ఆస్వాన్ డ్యామ్ కడితే మునిగిపోతాదని 1964 నుంచి 68 దాకా కష్టపడి ఆ గుడిని ముక్కలు కోసి 65 మీటర్లు పైకి ఎత్తి పెట్టినారు. మనకాడ కూడా కూడవెల్లి సంగమేశ్వరుణ్ణి ఆలంపురానికి తెచ్చి పెట్టినారు కదా, అది గుర్తొచ్చింది. గుడి కదిలింది, మా జేజోళ్ళ ఇల్లు కదల్లా. ఇప్పుడు గడియారం నొక్కి ఎండాకాలం ఫోటోల్లో చూస్తే మన సప్తనదుల సంగమేశ్వరం గుడి బయటపడి ఉంటాది, ఇది కూడవెల్లిది కాదు, వేరేది, వేపమాను లింగం ఉండే గుడి, మిగతా నెలల్లో ఉత్త నీళ్ళు. మరి ఊరు కూడా కనపడాల కదా, గోడల గుర్తులన్నా.

ఎర్రమల:
అన్నా 1960 నుంచి 72 దాకా అమెరికావోళ్ళు కరోనా అని గూఢచారి శాటిలైట్లు తిప్పినారు, ఆ ఫోటోలు 1995లో బయటపెట్టినారు. యూఎస్‌జీఎస్ ఎర్త్ ఎక్స్‌ప్లోరర్ అనే సైట్‌లో వెతకొచ్చు, లాగిన్ చేసుకోవాల. డ్యామ్ నిండకముందు కాలం కాబట్టి మీ చోటుది ఉంటే ఊరు ఊరిగానే ఉంటాది. నలుపు తెలుపు ఫోటో, ఫిల్మ్ పట్టీలాగా వంకరగా ఉంటాది, దాన్ని మ్యాప్ మీద సరిగ్గా కూర్చోబెట్టేది కొంచెం తలనొప్పి పనే. నది మలుపు ఒకటి, కొండ ఒకటి గుర్తు పెట్టుకోని మొదలుపెట్టు.

హంపిబావ:
ఇస్రోవోళ్ళ మ్యాప్ సైట్ భువన్ కూడా తెరిచిపెట్టుకో, ఇప్పటి గట్టు యాడుందో పోల్చుకునేదానికి. ముందు జేజిని అడుగు, ఊరికి ఏ పక్కన చెరువు, ఏ పక్కన గుట్ట అని.

బురుజుకాడోడు:
అడిగినా. నిన్న రాత్రి ఎండాకాలం ఫోటో పెట్టి ఫోన్ చేతికిచ్చినా, బురదలో గీతలు గీతలుగా ఉన్నాయి. చాలాసేపు చూసి ఒక చోట వేలు పెట్టి ఇది చావిడి అనింది, పక్కన చింతచెట్టు అనింది, చెట్టు యాడుందవ్వా అంటే ఉండేది లేరా అనింది. ఇల్లు చూపించబోయి రెండు వేళ్ళు పెట్టేసరికి బొమ్మ గిర్రున తిరిగి యాడో మహాసముద్రం నడిమధ్యకి పోయి నిలబడింది. "మళ్ళా నీళ్ళేనా" అని ఫోన్ నా చేతికి ఇచ్చేసి పండుకుంది. నేను ఆ చోటు సేవ్ చేసుకోలేదు, అదీ నా తెలివి. ఈ రోజు సాయంత్రం మళ్ళా కూర్చోబెడతా.

ఎర్రమల:
ఈసారి స్క్రీన్‌షాట్ తీసి ప్రింట్ కొట్టించు అన్నా, పెద్దది, ఏ త్రీ సైజు. పెన్సిల్ ఇస్తే ఆమే గీసి చూపిస్తాది. నది మలుపు దొరికితే ఇక్కడ పెట్టు, కరోనాలో నేనూ వెతుకుతా.