మంగళగిరి నిజంగా టీడీపీకి కలిసిరాని సీటేనా?

కృష్ణాకెనాల్:
1983, 85ల్లో టీడీపీ నుంచి ఎం.ఎస్.ఎస్. కోటేశ్వరరావు గెలిచారు. ఆ తర్వాత 2024లో లోకేశ్ గెలిచేదాకా 39 ఏళ్లు ఇక్కడ సైకిల్ కదల్లేదు. 1989లో గోలి వీరాంజనేయులు, 1999, 2004ల్లో మురుగుడు హనుమంతరావు, 2009లో కాండ్రు కమల, అందరూ కాంగ్రెస్. తర్వాత రెండుసార్లు వైసీపీ నుంచి ఆళ్ల రామకృష్ణారెడ్డి. 1999, 2014ల్లో రాష్ట్రంలో టీడీపీ అధికారంలోకి వచ్చినా ఇక్కడ గెలిచింది ఎదుటివాళ్లే. కలిసిరాని సీటని ఇంకెలా చెప్పాలి?

పద్దుపుస్తకం:
జాబితాలో 1994 ఎగిరిపోయిందండీ. ఆ ఏడు గెలిచింది సీపీఎం అభ్యర్థి నిమ్మగడ్డ రామమోహనరావు, అదీ టీడీపీ పొత్తుతో. సైకిల్ ఓట్లన్నీ సుత్తీ కొడవలికి పడితే అది టీడీపీ ఓటమి ఎలా అవుతుంది? సీపీఐ నేత వేములపల్లి శ్రీకృష్ణ 1962, 72ల్లో గెలిచిన నేల కాబట్టి ఎర్రజెండాల వాటా అడగడం సహజమే. మధ్య కాలంలో సర్దుబాట్లలో ఈ సీటు ఎక్కువగా మిత్రపక్షాలకే పోయింది. పోటీలో లేని పార్టీని ఓడిందనకూడదు.

ఇంకోటి, 2009 ఎన్నికలకు ముందు జరిగిన పునర్విభజనలో దుగ్గిరాల నియోజకవర్గం రద్దయి, దుగ్గిరాల మండలం ఇటు వచ్చింది. ఇప్పుడున్నది మంగళగిరి, తాడేపల్లి, దుగ్గిరాల మండలాల సీటు. పేరొకటే, ఓటర్లు వేరు. 2004 శాతాల పక్కన 2014 శాతాలు పెట్టి గీత గీస్తే ఆ గీతకు అర్థం లేదు.

కృష్ణాకెనాల్:
సరే, పాతది వదిలేద్దాం. 2014లో నేరుగానే నిలబడ్డారుగా?

పద్దుపుస్తకం:
నిలబడ్డారు. ఆళ్లకు 88,977, టీడీపీ అభ్యర్థి గంజి చిరంజీవికి 88,965. తేడా 12. దాన్ని పార్టీపై వ్యతిరేకత అంటారా? 2019లో లోకేశ్ మీద తేడా 5,337. ఆసారి జనసేన పొత్తులో దిగిన సీపీఐకి సుమారు 10 వేలు పడ్డాయి.

గుంటమగ్గం:
మీ ఇద్దరూ అసలు సంగతి ముట్టుకోలేదు. మురుగుడు, కాండ్రు, గంజి, ముగ్గురూ పద్మశాలీలే. పట్టణంలో చేనేత ఓటు ఎటు మొగ్గితే ఫలితం అటే. 2024లో వైసీపీ ఆళ్లను పక్కనపెట్టి, కమల కూతురూ హనుమంతరావు కోడలూ అయిన లావణ్యను దింపింది ఆ లెక్కతోనే.

పద్దుపుస్తకం:
మరి 91,413 తేడాతో ఎందుకు ఓడారు? కులం లెక్క ఒక్కటే సరిపోదు. ఉండవల్లి, పెనుమాక, కృష్ణాయపాలెం, నిడమర్రు అమరావతి రాజధాని ఊళ్లు. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చాక అక్కడ ఓటు తిరిగింది.

ఫారం20:
తిరిగిందో లేదో ఊరి పేరుతో తేలదు, ఏ బూత్‌లో ఎవరికెన్ని ఓట్లు పడ్డాయో చూపే ఫారం 20 తీయండి. బూత్ నంబర్లు నమ్మొద్దు. 2024 నాటికి 1,500 మంది దాటితే బూత్‌ను విడగొట్టేవారు, దాంతో కింద నంబర్లన్నీ జరిగేవి. పోలింగ్ కేంద్రం పేరు, అది ఏ వీధులకో ఓటర్ల జాబితాలో చూసి జతచేయాలి. పోస్టల్ ఓట్లు చివర విడిగా ఉంటాయి, వాటిని ఏ ఊరికీ కలపకండి.

మొత్తం మీద చూస్తే 2019 నుంచి 2024కు వైసీపీ 1,08,464 నుంచి 76,297కు పడింది, అంటే 32,167 పోయాయి. టీడీపీ 1,03,127 నుంచి 1,67,710కి ఎక్కింది, అంటే 64,583 పెరిగాయి. వైసీపీ పోగొట్టుకున్నవన్నీ ఇటే వచ్చాయనుకున్నా ఇంకా 32 వేల పైచిలుకు మిగులుతాయి. సీపీఐ పెట్టెలోని 10 వేలు కలిపినా చాలవు, కొత్త ఓట్లే దాన్ని పూడ్చాలి. గాలి సంగతి మరవద్దు: ఆ ఎన్నికల్లో గాజువాకలో తేడా 95,235, భీమిలిలో 92,401. అక్కడ రాజధాని భూములూ లేవు, మగ్గాలూ లేవు.

గుంటమగ్గం:
అయితే ముందు మంగళగిరి పట్టణం బూత్‌లు, రాజధాని ఊళ్ల బూత్‌లు, దుగ్గిరాల మండలం బూత్‌లు మూడు ముక్కలుగా విడదీయండి. దుగ్గిరాలలో రాజధాని కోసం భూసమీకరణ లేదు. అక్కడా అంతే మొగ్గు కనిపిస్తే రాజధాని వాదన సగం పడిపోతుంది.

కృష్ణాకెనాల్:
నా వాదన కూడా పడిపోతుందిలెండి. కానీ 2029లో పొత్తు లేకుండా దిగిన రోజున చూద్దాం.