బాలగోపాల్ గారి గురించి ఐదు నిమిషాలు మాట్లాడాలి, ఏం చెప్పను?

ఓరుగల్లు పిల్లగాడు:
అందరికీ నమస్తే. వరంగల్‌లో లా రెండో ఏడు చదువుతున్నా. అక్టోబర్ 8న పౌరహక్కుల కోసం పోరాడిన లాయరు బాలగోపాల్ గారి వర్ధంతికి మా ఫ్రెండ్స్ చిన్న మీటింగ్ పెట్టుకున్నారు, నన్ను ఐదు నిమిషాలు మాట్లాడమన్నారు. ఆయన పోయింది 2009లో, అప్పటికి నాకు నాలుగేళ్లు. ఎక్కడ చూసినా "పేదల గొంతుక", "నిలువెత్తు నిజాయితీ" అనే మాటలే ఉన్నాయి, ఎవరి ఫోటో కింద పెట్టినా సరిపోతాయి. లెక్కలు చెప్పిన మనిషి నల్లకోటు ఎలా వేసుకున్నాడు, మధ్యలో ఏం జరిగింది, ఇంట్లోవాళ్ల సంగతేంటి, తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. మైకు పట్టుకోవడం ఇదే మొదటిసారి, టెన్షన్‌గా ఉంది.

లెక్కల సార్:
తమ్ముడూ, ఆయన 1952లో బళ్లారిలో పుట్టారు. మన ఆర్ఈసీలోనే (ఇప్పటి ఎన్ఐటీ) గణితంలో పీహెచ్‌డీ చేసి, 1981 నుంచి 85 దాకా కాకతీయ యూనివర్సిటీలో పాఠాలు చెప్పారు. నాలుగేళ్లే. ఆయన గణితం నా స్థాయి కాదు గానీ, డి.డి. కోశాంబి మీద రాసిన పుస్తకం మాత్రం డిగ్రీలో ఉండగా చదివా. కోశాంబి కూడా లెక్కల మనిషే, చరిత్రలోకి తర్వాత వచ్చాడు. బాలగోపాల్ వ్యాసం ఏదైనా తీసి చూడు, ఎదుటివాళ్ల వాదాన్ని ముందు వాళ్లకంటే గట్టిగా చెప్పి, ఆ తర్వాత అది ఏ మెట్టు దగ్గర జారిందో చూపిస్తారు. బోర్డు మీద లెక్క తప్పిన చోట సున్నా చుట్టినట్టే ఉంటుంది.

85లో ఏం జరిగిందో మీ ఊళ్లోనే మీటింగ్ కాబట్టి తప్పకుండా చెప్పు. ఆ సెప్టెంబర్ 3న హనుమకొండలో డాక్టర్ రామనాథం గారిని ఆయన క్లినిక్‌లోనే కాల్చి చంపారు. నక్సలైట్ల చేతిలో చనిపోయిన ఒక ఎస్సై అంతిమయాత్ర రోజు అది. రామనాథం గారు పిల్లల డాక్టరు, పౌరహక్కుల సంఘం ఉపాధ్యక్షుడు. బాలగోపాల్ ఆ సంఘం ప్రధాన కార్యదర్శి. ఆయన జైలుకు పోయిందీ ఉద్యోగం వదిలిందీ కూడా ఆ ఏడాదే.

బార్ రూం కబుర్లు:
నేను జిల్లా కోర్టులో ప్రాక్టీస్ చేస్తా. ఆయన లాయరుగా కోర్టుకెక్కింది నలభై దాటాకే. ఆ వయసుకి మా దగ్గర సీనియర్లు ఇంటి మీద ఇంకో అంతస్తు వేసుకునే పనిలో ఉంటారు, నాతో సహా.

మీది లా కాలేజీ గనక 2009 ఫిబ్రవరి తీర్పు చెప్పు. ఎన్‌కౌంటర్లో మనిషి చనిపోతే "వాళ్లు కాల్చారు, మేం ఆత్మరక్షణకి కాల్చాం" అని పోలీసులే రాసుకుని ఫైలు మూసేయడం అప్పటిదాకా అలవాటు. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐదుగురు జడ్జీల బెంచ్ అది కుదరదంది. కాల్చినవాళ్ల మీద ఎఫ్ఐఆర్ కట్టాలి, ఆత్మరక్షణో కాదో విచారణలో తేలాలి అంది. మీరు నేనూ ఎవరినైనా చంపి ఆత్మరక్షణ అంటే చేసేది అదేగా, యూనిఫాం ఉంటే వేరే చట్టం లేదు. ఆ కేసు వాదించినవాళ్లలో ఆయన ఒకరు. తర్వాత సుప్రీం కోర్టు స్టే ఇచ్చింది, అది కూడా దాచకుండా చెప్పు.

పాత జెండా:
ఒక ముక్క అందరూ దాటేస్తున్నారు. 1998లో ఆయన పౌరహక్కుల సంఘంలోంచి బయటికొచ్చి మానవ హక్కుల వేదిక పెట్టారు. రాజ్యం చేసే హింసనే కాదు, నక్సలైట్లు చేసే హింసనూ ప్రశ్నించాలన్నందుకే ఆ గొడవంతా. అప్పట్లో ఆయన్ని తిట్టినవాళ్లలో నేనూ ఉన్నా. ఇప్పటికీ రెండిటినీ ఒకే తక్కెడలో వేయడానికి నాకు మనసొప్పదు. కానీ ఆనాటి ఆయన వ్యాసాలు మళ్లీ చదివితే నా దగ్గర జవాబు లేని ప్రశ్నలు చాలానే కనపడ్డాయి. ఈ తగాదా లేకుండా ఆయన గురించి మాట్లాడితే పూలదండ వేసి వచ్చినట్టుంటుంది, అంతే.

సుజల:
ఇంటి సంగతి అడిగావు, దానికెవరూ జవాబు చెప్పలేదు. ఆయన తల్లిగారి నాన్న రాళ్లపల్లి అనంతకృష్ణ శర్మ గారు, అన్నమయ్య కీర్తనలకి స్వరాలు కట్టినాయన. అలాంటి సంగీతం ఇంటి పిల్లవాడు. భార్య జర్నలిస్టు, ఒక బాబు. 1989లో ఆయన్ని ఎత్తుకుపోయారు, 1992లో కొత్తగూడెంలో దాడి చేసి కొట్టారు. పోయేనాటికి 57 ఏళ్లే.

ఒక్కటే అడుగుతా తమ్ముడూ, "కుటుంబాన్ని కూడా లెక్కచేయకుండా" అనే మాట మాత్రం నీ స్పీచ్‌లో పెట్టకు. మా నాన్న కూడా లాయరే, ఆయనంత పెద్దవాడు కాదు, కార్మికుల కేసులు ఫీజు లేకుండా చేసేవాడు. ఇల్లు గడిచింది అమ్మ టీచర్ జీతంతో. రాత్రి పన్నెండింటికి తలుపు కొడితే లేచి, వచ్చిందెవరో కిటికీలోంచి చూసొచ్చేది అమ్మే. నాన్న సంతాప సభలో పదిహేను మంది మాట్లాడారు, అమ్మ పేరు ఒక్కరూ ఎత్తలేదు. ముందు వరసలో కూర్చుని అంతా విన్నది.

ఓరుగల్లు పిల్లగాడు:
అక్కా, నిజం చెప్పాలంటే ఆ మాట ఆల్రెడీ రాసుకున్నా. కొట్టేశా. రామనాథం గారితో మొదలుపెడతా. సార్లకి థాంక్స్. అన్నా, కోర్టు కేసుల్లో ఆ తీర్పు కాక ఇంకొకటి ఏదైనా ఉందా?

బార్ రూం కబుర్లు:
వాకపల్లి చూడు. 2007లో విశాఖ ఏజెన్సీలో పదకొండు మంది ఆదివాసీ మహిళలు గ్రేహౌండ్స్ (నక్సలైట్ల కోసం పెట్టిన ప్రత్యేక దళం) పోలీసుల మీద అత్యాచారం ఫిర్యాదు చేశారు. మానవ హక్కుల వేదిక ఆ మహిళలని మధ్యలో వదిలేయలేదు. తీర్పు 2023 ఏప్రిల్లో వచ్చింది. పోలీసులని నిర్దోషులన్నారు, దర్యాప్తు సరిగా జరగలేదు కాబట్టి ఆ మహిళలకి పరిహారం ఇమ్మన్నారు. అప్పటికి ఆయన పోయి పదమూడేళ్లు దాటింది. ఆయన వ్యాసాలన్నీ బాలగోపాల్ డాట్ ఆర్గ్‌లో ఉన్నాయి, తెలుగువీ ఇంగ్లీషువీ. కాగితం చూసి చదివినా ఎవరూ ఏమీ అనుకోరు, మేం కోర్టులో రోజూ చేసే పని అదే.