యానిమేషన్ ఉత్సవాల జ్యూరీ సభ్యుల వృత్తి నేపథ్యం గురించి తెలిసినవారు వివరించగలరా?

నమస్కారం. 1960లో ఫ్రాన్స్‌లోని ఆన్సీలో, 1972లో జాగ్రెబ్‌లో, 1976లో ఒట్టావాలో మొదలైన అంతర్జాతీయ యానిమేషన్ ఉత్సవాల జ్యూరీలపై ఒక వ్యాసం రాస్తున్నాను. దర్శకులు, నిర్మాతలు, ఉత్సవాలకు చిత్రాలను ఎంపిక చేసేవారు, అధ్యాపకులు, స్వరకర్తలు ఒకే బల్ల చుట్టూ కూర్చుని తీర్పు చెప్పవలసి వచ్చినప్పుడు, ఎవరి వృత్తి అనుభవం ఏ మేరకు పనిచేస్తుందన్నదే నా ప్రధాన సందేహం. ఉదాహరణకు, బొమ్మను ఒక్కొక్క ఫ్రేముకు కొద్దికొద్దిగా కదిలిస్తూ తెరపై కనిపించే ఒక్కో సెకనుకు 24 ఫ్రేములు (విడివిడి నిశ్చల చిత్రాలు) చిత్రీకరించడంలోని శ్రమ చేతితో చేసినవారికి తెలిసినంతగా ఇతరులకు తెలియకపోవచ్చు. అయితే ఆ శ్రమపై గౌరవం కథలోని లోపాన్ని కప్పిపుచ్చే ప్రమాదమూ ఉంది. అందుకే యానిమేటర్లు కానివారు కూడా జ్యూరీలో ఉండటం అవసరమని నేను భావిస్తున్నాను, ముఖ్యంగా శబ్దాన్ని శ్రద్ధగా వినగలిగినవారు.

జ్యూరీలో పనిచేసినవారు గానీ, సభ్యులను ఎంపిక చేసినవారు గానీ ఇక్కడ ఉంటే, ఆ ఎంపికలో ఏయే అంశాలను చూస్తారో, తమ శిష్యుల లేదా సహోద్యోగుల చిత్రం పోటీలో ఉన్నప్పుడు ఆ సభ్యులు చర్చ నుంచి తప్పుకుంటారో లేదో దయచేసి తెలియజేయగలరు.