120 గ్రాములదా, 135 గ్రాములదా? స్క్వాష్ రాకెట్ ఎంపికలో సలహా కావాలి

గంటస్తంభం (విజయనగరం):

అందరికీ నమస్కారం. నాకు 41 ఏళ్ళు. కాలేజీ రోజుల నుంచి షటిల్ ఆడుతున్నాను. ఎనిమిది నెలలుగా శని, ఆదివారాల్లో విశాఖపట్నం వెళ్ళి, మా బావమరిది సభ్యుడిగా ఉన్న క్లబ్బులో స్క్వాష్ నేర్చుకుంటున్నాను. ఇంతకాలం అతని పాత రాకెట్‌తోనే నెట్టుకొచ్చాను. ఇప్పుడు సొంతది కొనాలనుకుంటే రెండింటి మధ్య తేల్చుకోలేకపోతున్నాను. మొదటిది 120 గ్రాములది. దాని తల నీటిబొట్టులా కిందికి సన్నబడుతుంది, నిలువు తీగలు పిడి దాకా దిగుతాయి, బరువంతా తల వైపు ఉంటుంది. రెండోది 135 గ్రాములది. దానికి మెడ దగ్గర అడ్డుకమ్మీ ఉంది, బరువు పిడి వైపు ఉంటుంది. దుకాణదారు మొదటిదాన్ని పవర్ రాకెట్ అనీ, రెండోదాన్ని కంట్రోల్ రాకెట్ అనీ చెప్పి ఊరుకున్నాడు.

నా ఇబ్బంది ఏమిటంటే, ఎంత గట్టిగా కొట్టినా బంతి ముందు గోడకు తగిలి వెనక గోడ దాకా రావడం లేదు. కోర్టు మధ్యలోనే చచ్చుబడి, ఎదుటివారికి పళ్ళెంలో పెట్టి అందించినట్టవుతోంది. డ్రాప్ (ముందు గోడ దగ్గరే వాలేలా మెల్లగా వేసే దెబ్బ) వేయబోతే టిన్‌కు, అంటే ముందు గోడ అడుగున తగలకూడని రేకు పట్టీకి తగులుతోంది. ఈ మధ్య మోచేయి కూడా నొప్పి పెడుతోంది. షటిల్ రాకెట్‌కు అలవాటుపడిన చేయి కాబట్టి తేలికైనదే మేలని నా మనసు చెబుతోంది. అనుభవజ్ఞులు ఏమంటారు?

నాగావళి (శ్రీకాకుళం):

గంటస్తంభం గారూ, రాకెట్ సంగతికి వచ్చే ముందు ఒక మాట అడుగుతాను. మీరు ఏ బంతితో ఆడుతున్నారు? రెండు పసుపు చుక్కల బంతి అయితే మీ మొదటి ఇబ్బందిలో సగం దానిదే. అది పోటీల్లో ఆడేవారి బంతి. వరుసగా గట్టి దెబ్బలు తిని వేడెక్కితే తప్ప లేవదు. కొత్తగా నేర్చుకునే ఇద్దరు ఆడుతుంటే ర్యాలీలు చిన్నవిగా ఉంటాయి, బంతి చల్లారిపోతుంది, చల్లారిన బంతిని ఏ రాకెట్టూ వెనక గోడ దాకా మోయలేదు. ఒక్క పసుపు చుక్క ఉన్నదానికి, అది కూడా కష్టమనిపిస్తే ఎర్ర చుక్క ఉన్నదానికి మారండి. ఎర్ర చుక్క బంతి కొంచెం పెద్దది, గాలిలో ఎక్కువసేపు నిలుస్తుంది. ఇందులో చిన్నతనమేమీ లేదు. విశాఖ ఎండాకాలంలో కోర్టు కాగిపోయి బంతి దానంతటదే ఎగురుతుంది గనుక, అప్పుడు మళ్ళీ రెండు చుక్కలదానికి వెళ్ళవచ్చు.

ఇక రాకెట్. షటిల్ కాక్ అయిదు గ్రాముల చిల్లర. స్క్వాష్ బంతి సుమారు 24 గ్రాములు. తేలికైన రాకెట్‌ను మణికట్టుతో విదిలిస్తే కాక్ దూసుకుపోతుంది. అదే విదిలింపుతో స్క్వాష్ బంతిని కొడితే, ముఖ్యంగా దెబ్బ తీగల నడిమికి కాక పక్కకు తగిలినప్పుడు, రాకెట్ చేతిలో తిరిగిపోతుంది, ఆ అదురు మోచేతికి ఎక్కుతుంది. మీ నొప్పికి ఇదే కారణమని ఇక్కడి నుంచి తేల్చి చెప్పలేను. తగ్గకపోతే వైద్యుణ్ణి చూడండి. కానీ తేలికైతే చేతికి సుఖమన్న లెక్క ఈ ఆటలో పూర్తిగా కుదరదని మాత్రం చెప్పగలను.

వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు గారి ప్రాంతం వాళ్ళం కాబట్టి మనకు భుజబలం మీద నమ్మకం కాస్త ఎక్కువే. అయితే స్క్వాష్‌లో బంతికి వేగం ఇచ్చేది బిగబట్టిన కండ కాదు. భుజం తిరిగి, ముంజేయి తిరిగి, చివర్లో రాకెట్ తల విసురుగా బంతి గుండా సాగితే వేగం వస్తుంది. తల వైపు బరువుంటే ఆ విసురుకు ఊతం దొరుకుతుంది, కానీ షటిల్‌లో నెట్టు దగ్గర మీరు వేసినట్టు, బంతి నేలను తాకకముందే చటుక్కున వాలీ వేయాలంటే అదే అడ్డమవుతుంది. పిడి వైపు బరువున్నది చురుగ్గా తిరుగుతుంది, డ్రాప్ వేసేటప్పుడు తల ఎక్కడుందో చేతికి తెలుస్తుంది. నీటిబొట్టు ఆకారంలో నిలువు తీగలు పొడవు గనుక బంతిని ఊయలలా వెనక్కి తోస్తాయి, గురి కాస్త తప్పినా క్షమిస్తాయి. అడ్డుకమ్మీ ఉన్నదానిలో తీగలు పొట్టి, తోపు తక్కువ, కానీ బంతి ఎక్కడికి పోతుందో ముందే ఊహించవచ్చు.

నా ఓటు 135 గ్రాములదానికి. టిన్‌కు కొట్టే డ్రాపులు మీకు ర్యాలీలు పోగొడుతున్నాయి. బంతి మారిస్తే వెనక గోడ దాకా లోతు ఎలాగూ వస్తుంది.

పాతగోడ (విశాఖపట్నం, సొంతూరు బొబ్బిలి):

నాగావళి గారి మాటకు ఒక చేర్పు. రాకెట్ మీద రాసే బరువు సాధారణంగా ఒట్టి చట్రానిది. తీగలు, గ్రిప్, తల మీది రక్షణ పట్టీ చేరితే ఇరవై ముప్పై గ్రాములు పెరుగుతుంది కాబట్టి, అంకెను నమ్మకుండా తూచి చూడండి. స్క్వాష్ రాకెట్ పొడవు 686 మిల్లీమీటర్లకు మించకూడదు, దుకాణంలోవన్నీ దాదాపు అంతే ఉంటాయి. తీగలతో సహా చూపుడు వేలి మీద నిలబెట్టి, అది ఆగిన చోటు పిడి అడుగు నుంచి ఎంత దూరమో టేపుతో కొలవండి. సగం 343 కాబట్టి, అంతకన్నా ఎంత ఎక్కువైతే బరువు అంత తల వైపు ఉన్నట్టు.

అసలు సంగతి గట్టింగ్‌లో, అంటే తీగల బిగింపులో ఉంది. రాకెట్‌తో పాటు ఫ్యాక్టరీలో వేసి పంపే తీగలు చాలా వాటిలో నాసిరకం, చెక్క మీద కొట్టినట్టుంటుంది. మీ ఊళ్ళో షటిల్ రాకెట్లకు గట్టింగ్ వేసే అతని దగ్గరికి వెళితే, షటిల్ తీగ కాకుండా స్క్వాష్ తీగనే మీరు కొని ఇవ్వండి, టెన్షన్ 25 పౌండ్ల చుట్టుపక్కల పెట్టమనండి. బిగువు తగ్గితే తోపు, పెరిగితే అదుపు. సన్నని తీగ బంతిని పట్టుకుంటుంది కానీ త్వరగా తెగుతుంది.

కోటగుమ్మం (విజయనగరం):

పెద్దల మాటకు ఎదురు చెబుతున్నందుకు మన్నించండి. నేను 120 గ్రాములదానితోనే నేర్చుకున్నాను, నా చేతికి ఏమీ కాలేదు. వేగంగా వెనక్కి తిప్పి సిద్ధం చేసుకోగలిగినందుకే ఆలస్యంగా చేరుకున్న బంతులు కూడా తీయగలిగాను. అయితే నాకు 19 ఏళ్ళు, నేను షటిల్ ఆడలేదు.

గంటస్తంభం:

అందరికీ కృతజ్ఞతలు. నిన్న ఒక్క పసుపు చుక్క బంతితో ఆడాను. పాత రాకెట్‌తోనే బంతి వెనక గోడకు తగిలి తిరిగి వచ్చింది, మా బావమరిది నమ్మలేకపోయాడు. క్లబ్బులో ఇద్దరి దగ్గర రాకెట్లు అడిగి తీసుకుని, ఒక్కోదానితో ఇరవై డ్రాపులు వేశాను. తల బరువున్నదానితో తొమ్మిది టిన్‌కు తగిలాయి, పిడి బరువున్నదానితో నాలుగు. కోటగుమ్మం గారూ, మీ వయసు చదివాక నా మోచేయి కూడా నవ్వింది. 135 గ్రాములదే తీసుకుంటున్నాను. పాతగోడ గారూ, 25 పౌండ్లతో మొదలుపెట్టి, ఎండలు ముదిరాక ఒక పౌండు పెంచితే తేడా తెలుస్తుందా?

పాతగోడ:

ఒక పౌండుకు చేయి పెద్దగా గుర్తుపట్టదు. రెండు పెంచి చూడండి.